మంచు తుఫాను వస్తోందంటే: ప్రయాణం, కారు, ఇల్లు ఎలా సర్దుకోవాలి

అమెరికాలో మంచు తుఫాను చెప్పాపెట్టకుండా రావడం చాలా అరుదు. మూడు నాలుగు రోజుల ముందే వాతావరణ శాఖ చెప్తుంది, ఫోన్లు మోగుతాయి, స్టోర్లలో బ్రెడ్డూ పాలూ ఖాళీ అయిపోతాయి. అయినా ప్రతి చలికాలం ఎంతోమంది రోడ్ల మీద ఇరుక్కుంటూనే ఉన్నారు. తుఫాను సంగతి తెలియక కాదు. "ఇంకా మొదలవలేదుగా, గంటలో వెళ్లొచ్చేద్దాం" అనుకుని బయల్దేరతారు. అందుకే ఇక్కడ ప్రయాణం గురించి ముందు చెప్తున్నాను, ఇంటి గురించి తర్వాత. చదువుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లు, మొదటి చలికాలం చూస్తున్న కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉన్నవాళ్లు మరీ శ్రద్ధగా చదవండి.

మొదటి పని: హెచ్చరికలో ఏముందో సరిగ్గా చూడండి

నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే హెచ్చరికల్లో మూడు మాటలు ముఖ్యం. "వింటర్ స్టార్మ్ వాచ్" అంటే తుఫాను వచ్చే అవకాశం ఉందని. సాధారణంగా ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. సామాన్లు తెచ్చుకోవడానికి, టికెట్లు మార్చుకోవడానికి ఇదే సమయం. "వార్నింగ్" అంటే తుఫాను దాదాపు ఖాయమని, లేదా మొదలైపోయిందని. ఆపాటికి మీ పనులన్నీ అయిపోయి ఉండాలి. "అడ్వైజరీ" వార్నింగ్ కన్నా ఒక మెట్టు కింద ఉంటుంది గానీ, కారు జారిపోవడానికి ఆ మాత్రం చాలు. తేలిగ్గా తీసుకోకండి.

వీటికి తోడు "స్నో స్క్వాల్ వార్నింగ్" అని ఒకటి నేరుగా ఫోన్‌కే వస్తుంది. అప్పటిదాకా తేటగా ఉన్న హైవే మీద కొద్ది నిమిషాల్లోనే ముందున్న కారు కనపడనంత మంచు కురుస్తుంది. పదుల కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే ప్రమాదాలు చాలావరకు ఇలాంటప్పుడే జరుగుతాయి. డ్రైవింగ్‌లో ఉండగా అది మోగితే తర్వాతి ఎగ్జిట్ తీసుకుని ఆగండి. ఇలాంటివి సాధారణంగా గంటలోపే దాటిపోతాయి.

హెచ్చరిక రాగానే చాలామంది "ఎన్ని అంగుళాలు పడుతుందట?" అని అడుగుతారు. అంతకన్నా ముందు తెలుసుకోవాల్సినవి: ఎన్ని గంటలకు మొదలవుతుంది, పడేది స్నోనా ఐసా, ఉష్ణోగ్రత ఎంతకు దిగుతుంది, గాలి ఎంత వేగంతో వీస్తుంది. బ్లిజార్డ్ అనడానికి మంచు ఎంత పడిందన్నది అసలు లెక్కే కాదు. గంటకు 35 మైళ్లు, అంతకు మించిన గాలి, పావు మైలు కూడా కనపడని పరిస్థితి మూడు గంటలపాటు ఉంటే అది బ్లిజార్డ్. నేల మీదున్న పాత మంచు గాలికి లేచినా చాలు.

ఇక ఐస్. అన్నిటికన్నా ఎక్కువగా మీరు భయపడాల్సింది దీనికే. పైన వెచ్చటి గాలి పొరలో మంచు కరిగి వానచుక్క అవుతుంది. నేల దగ్గరి చల్లటి పొర పలచగా ఉంటే, ఆ చుక్కకు గాల్లో గడ్డకట్టే వ్యవధి ఉండదు. రోడ్డుకో, కొమ్మకో, కరెంటు తీగకో తగలగానే అక్కడికక్కడే గడ్డకట్టి అతుక్కుంటుంది. ఇదే ఫ్రీజింగ్ రెయిన్. చూడ్డానికి మామూలు చినుకులాగే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. చల్లటి పొర మందంగా ఉంటే చుక్క గాల్లోనే గడ్డకట్టి చిన్న చిన్న గింజలుగా టపటపా రాలుతుంది, దాన్ని స్లీట్ అంటారు. చాలా ప్రాంతాల్లో పావు అంగుళం ఐస్ పేరుకుంటుందంటేనే ఐస్ స్టార్మ్ వార్నింగ్ ఇచ్చేస్తారు. ఎనిమిది అంగుళాల స్నో మీద జాగ్రత్తగా నడిపి ఇల్లు చేరిన కారు, పావు అంగుళం ఐస్ మీద సందు చివర కూడా దాటకపోవచ్చు. ఫోర్‌కాస్ట్‌లో "ఫ్రీజింగ్ రెయిన్" అన్న మాట కనపడితే ప్రయాణం సంగతి అక్కడితో వదిలేయండి. కరెంటు పోతుందనే లెక్కన ఇల్లు సర్దుకోండి.

రెండో పని: వెళ్లాలా వద్దా, ఇవాళే తేల్చుకోండి

2014 జనవరి 28న అట్లాంటాలో పడింది రెండు మూడు అంగుళాల మంచే. మధ్యాహ్నం మంచు మొదలవగానే ఆఫీసులు, స్కూళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకేసారి వదిలేశాయి. ఊరంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. మంచు కరగడానికి ఉప్పు చల్లాల్సిన ట్రక్కులు ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. టైర్ల కింద నలిగిన మంచు ఐస్ అయిపోయింది. వేలమంది పిల్లలు ఆ రాత్రి స్కూళ్లలోనే పడుకున్నారు, కొందరు స్కూలు బస్సుల్లోనే ఉండిపోయారు.

2022 జనవరి 3న వర్జీనియాలో ఐ-95 హైవే మీద జరిగింది ఇంకో రకం. మొదట వాన పడటంతో రోడ్డు మీద ముందుగా ఉప్పునీళ్లు చల్లే వీలు లేకపోయింది. చల్లినా వానకు కొట్టుకుపోయేది. తర్వాత వాన మంచుగా మారింది, ట్రక్కులు అడ్డం తిరిగాయి, ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర సుమారు 40 మైళ్ల మేర వందల వాహనాలు ఆగిపోయాయి. రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్ బయల్దేరిన సెనెటర్ టిమ్ కేన్ కూడా వాటిలో ఉన్నారు. మామూలుగా రెండు గంటల దారి ఆయనకు 27 గంటలు పట్టింది. ఫ్లోరిడా నుంచి కనెక్టికట్ తిరిగి వెళ్తున్న ఒక కుటుంబం ఆగిన కార్ల మధ్య నడుస్తూ తమ దగ్గరున్న నారింజపళ్లు పంచిపెట్టిందని, ఒకటి తనకూ ఇచ్చిందని ఆయన తర్వాత చెప్పారు. సెనెటరైనా సరే, ఆ రాత్రి ఆ రోడ్డు మీద తినడానికి దొరికింది అదే.

ఈ రెండింటిలోనూ తుఫాను గురించి ముందే తెలుసు. నిర్ణయమే ఆలస్యమైంది. కాబట్టి ఇలా చేయండి.

తుఫాను మొదలయ్యే టైము చూసి, దానికి కనీసం నాలుగు గంటల ముందే ఇంట్లో ఉండేలా లెక్క వేసుకోండి. ఫోర్‌కాస్ట్ రెండు గంటలు ముందుకు జరగడం మామూలే. పైగా చివరి గంటలో రోడ్డు మీద మీరొక్కరే ఉండరు. మీ ఆఫీసు వదిలేదాకా ఆగకండి, "ఇంటి నుంచి పనిచేస్తాను" అని ముందురోజే మెయిల్ పెట్టేయండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు, క్యాంపస్‌లో జాబ్ చేసే పిల్లలకు ఇది అంత తేలిక కాదని తెలుసు, ఒక్క షిఫ్టు పోయినా ఆ నెల ఇబ్బందే. అయినా మేనేజర్‌తో ముందురోజే మాట్లాడితే షిఫ్టు మార్చుకునే వీలుంటుంది. మంచు మొదలయ్యాక మాట్లాడితే ఉండేది రెండే దార్లు: ఆ రోడ్డు మీద వెళ్లడం, లేదా మానేయడం.

వీకెండ్ డ్రైవ్, బర్త్‌డే పార్టీ, పెళ్లి రిసెప్షన్ లాంటివైతే పిలిచినవాళ్లకు ఫోన్ చేసి రాలేమని చెప్పండి. మొహమాటపడకండి. మీరు చెప్తే ఇంకో నాలుగు కుటుంబాలకు కూడా మానుకునే ధైర్యం వస్తుంది. మీరే పిలిచినవాళ్లయితే, వచ్చేవాళ్లు ఎలా చెప్పాలా అని నలిగిపోకముందే మీరే వాయిదా వేయండి.

విమానం ఉంటే ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో "ట్రావెల్ వెయివర్" ఉందేమో చూడండి. పెద్ద తుఫాను వస్తోందంటే చాలా ఎయిర్‌లైన్లు ఆయా ఎయిర్‌పోర్టులకు అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకునే అవకాశం ఇస్తాయి. ఇది ఫ్లైట్ క్యాన్సిల్ అయ్యేదాకా ఆగి చేసే పని కాదు. అప్పటికి మిగతా ఫ్లైట్లన్నీ నిండిపోతాయి. మార్చేటప్పుడు రోజులో మొదటి ఫ్లైట్ తీసుకోండి, తుఫాను ఉన్న ఊళ్లో కనెక్షన్ లేకుండా చూసుకోండి. ఎయిర్‌లైనే ఫ్లైట్ క్యాన్సిల్ చేసి, వాళ్లిచ్చే వేరే ఫ్లైట్ మీకు వద్దనుకుంటే, కారణం వాతావరణమే అయినా టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలన్నది అమెరికా రవాణా శాఖ నిబంధన. వోచర్ తీసుకోవాల్సిన పని లేదు. హోటల్, భోజనం ఖర్చులు మాత్రం వాతావరణం వల్లయితే వాళ్లు ఇవ్వనక్కర్లేదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఇండియా నుంచి వస్తుంటే, వాళ్లు బయల్దేరకముందే మీరు ఫోన్ చేసి టికెట్ మార్పించండి. చలిలో, భాష రాని చోట, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో రాత్రంతా కూర్చోవడం వాళ్లకు చాలా కష్టం. తప్పదంటే రెండు మూడు రోజులకు సరిపడా మందులు చేతి సంచిలోనే ఉండేలా చూడండి.

కొన్ని కౌంటీలు డ్రైవింగ్ మీద నిషేధం కూడా విధిస్తాయి. 2022 క్రిస్మస్‌కి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో బ్లిజార్డ్ దాదాపు 37 గంటలు సాగింది. ఆ ఊరున్న ఈరీ కౌంటీ ఒక్కదానిలోనే 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కొందరు కార్లలోనే. కొన్ని చోట్లకు అంబులెన్సులు సైతం చేరలేకపోయాయి. మీ రాష్ట్ర రోడ్ల పరిస్థితి తెలుసుకోవడానికి చాలా చోట్ల 511 నంబరు గానీ, ఆ పేరుతో ఉన్న సైటు గానీ పనిచేస్తుంది. రోడ్డు ఎలా ఉందో అడగడానికి 911కి ఫోన్ చేయకండి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ల కోసం ఆ లైను ఖాళీగా ఉండాలి.

మూడో పని: కారు

ఎక్కడికీ వెళ్లనని అనుకున్నా సరే, కారు సిద్ధంగా ఉంచండి. రాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సి రావచ్చు.

పెట్రోలు నిండా కొట్టించండి. కరెంటు పోతే బంకుల్లో పంపులు కూడా ఆగిపోతాయి. ఎలక్ట్రిక్ కారైతే ఇంకా ముందే చార్జింగ్ పెట్టండి, చలిలో రేంజ్ గణనీయంగా తగ్గిపోతుంది. ప్లగ్‌లో ఉండగానే క్యాబిన్ వేడి చేసుకుంటే బ్యాటరీ మిగులుతుంది.

టైర్లు ఒక్కసారి వంగి చూడండి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోయినప్పుడల్లా టైరులో గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అరుగుదల తెలియాలంటే క్వార్టర్ నాణెం తీసుకుని, వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా టైరు గాడిలో పెట్టండి. ఆయన నెత్తి పూర్తిగా పైకి కనపడుతోందంటే గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగు కన్నా తక్కువుందన్నమాట. ఆ టైరు మంచుకు పనికిరాదు. ఎక్కువ కాలం చలి ఉండే రాష్ట్రాల్లో ఉండేవాళ్లు వింటర్ టైర్లు వేయించుకోవడం మంచిది. మామూలు రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లబడితే బిగుసుకుపోతుంది. ఆల్‌వీల్ డ్రైవ్ ఉందిగా అంటారు కొందరు. అది కారును కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు.

అద్దం కడిగే నీళ్ల ట్యాంకులో మామూలు నీళ్లుంటే గడ్డకట్టేస్తాయి. సున్నాకు దిగువన కూడా పనిచేసే వాషర్ ఫ్లూయిడ్ పోయండి. బ్యాటరీ మూడేళ్లు దాటిందంటే ఒకసారి టెస్ట్ చేయించండి, చలికి మొదట మొరాయించేది అదే.

డిక్కీలో, ఇంకా మంచిది వెనక సీటులో, ఇవి పెట్టుకోండి: దుప్పట్లు, చిన్న పార, అద్దం గీకే స్క్రేపర్, టార్చ్, జంపర్ కేబుల్స్, జారే టైర్ల కింద చల్లడానికి ఇసుక గానీ క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు) గానీ ఒక సంచి, నీళ్లు, వండకుండా తినగలిగే తిండి, ఫోన్ చార్జర్, రోజూ వేసుకునే మందులు, పిల్లలుంటే డైపర్లు, మందపాటి సాక్సులు, గ్లోవ్స్, టోపీలు. వెనక సీటు అని ఎందుకన్నానంటే, డిక్కీ తలుపు ఐస్‌తో బిగుసుకుపోతే లోపల ఎన్ని ఉన్నా అందవు. వేడి కారు ఎక్కి వేడి ఆఫీసులో దిగుతాం కదా అని పలచటి జాకెట్‌తో బయల్దేరకండి. కారు ఆగిపోతే మీ ఒంటి మీదున్నదే మీకు దిక్కు.

నాలుగో పని: ఇల్లు

మూడు రోజులు బయటికి వెళ్లకుండా, అందులో కొంతసేపు కరెంటు లేకుండా ఎలా గడుస్తుందో ఆలోచించి సర్దుకోండి. స్టోర్ నుంచి తెచ్చేటప్పుడు మనవాళ్లు బియ్యం, పప్పులు, కూరగాయలు చూసుకుంటారు. స్టవ్ కరెంటుది అయితే అవేవీ అక్కరకు రావు. బ్రెడ్, పళ్లు, ఖర్జూరాలు, వేరుశెనగలు, పిల్లల పాలపొడి లాంటివి ముందు పెట్టుకోండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నీళ్లు ఉంచండి. మందులు వారానికి సరిపడా ఉన్నాయో లేదో ఇవాళే చూసి, తక్కువుంటే రీఫిల్ పెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని కారులో గానీ చల్లటి కిటికీ పక్కన గానీ ఉంచకండి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఆక్సిజన్ మెషీన్ లాంటివి వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఆ సంగతి కరెంటు కంపెనీకి చెప్పి పేరు నమోదు చేయించండి. అయినా కరెంటు రావడం ఆలస్యం కావచ్చు కాబట్టి ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోండి.

కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలిది నాలుగు గంటలు బాగుంటుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లదనం నిలబెట్టుకుంటుంది.

పైపుల సంగతి మొదటిసారి చూసేవాళ్లకు తెలియదు. లోపల నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే పైపు పగులుతుంది. కరిగాక ఇల్లంతా నీళ్లే. బయట 20 డిగ్రీలకు, అంటే మైనస్ 7 సెల్సియస్‌కు దిగుతుందంటే జాగ్రత్తపడాలి. రాత్రి పడుకునేముందు బయటి గోడకు ఆనుకుని ఉన్న సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి పెట్టండి, గదిలో వేడి పైపుకు తగులుతుంది. కుళాయి సన్నగా కారేలా వదలండి. ఊరికి వెళ్తున్నా హీటర్ ఆపేయకండి, 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచండి. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇవాళే వెతికి, ఇంట్లో అందరికీ చూపించండి. పైపు పగిలి నీళ్లు చిమ్ముతున్నప్పుడు దానికోసం వెతకడం నరకం. గడ్డకట్టిన పైపును కరిగించడానికి హెయిర్ డ్రైయర్ వాడండి, మంట మాత్రం పెట్టకండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. ఆ రాష్ట్రం అధికారికంగా లెక్కించిన మరణాలే 246. చలికి తట్టుకోలేక కొందరు ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించారు, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నారు, జనరేటర్‌ను ఇంటి పక్కనే పెట్టారు. వీటన్నిటి పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారంగా ఉండటం, నిద్ర ముంచుకు రావడం, అంతే. ఆ నిద్రలోంచి లేవరు. గ్రిల్, క్యాంపు స్టవ్, కుంపటి ఏదైనా సరే ఇంట్లోకీ గరాజ్‌లోకీ తేకండి. గ్యాస్ స్టవ్‌ను, అవెన్‌ను గది వేడి చేయడానికి వాడకండి. గరాజ్ తలుపు తీసి ఉన్నా లోపల కారు నడపకండి. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు తలుపులకు ఎడంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీలు కొత్తవి వేయండి. అలారం మోగినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా వెంటనే అందరూ బయటికి వచ్చి, అప్పుడు 911కి ఫోన్ చేయండి.

కరెంటు హీటర్ వాడితే గోడకున్న ప్లగ్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగకు వద్దు. దుప్పట్లు, పరదాలు, పరుపు దానికి మూడడుగుల దూరంలో ఉండాలి. కరెంటు లేనప్పుడు అందరూ ఒకే గదిలోకి చేరండి, తలుపు కింద సందుకు టవల్ పెట్టండి.

తప్పనిసరై బయల్దేరితే

ఎక్కడికి, ఏ దారిన, ఎన్నింటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. కారు మొత్తం మంచు దులపండి, పైకప్పుతో సహా. అద్దంలో చిన్న కన్నం చేసుకుని నడిపేస్తే మీకు పక్కలు కనపడవు, మీ కప్పు మీది ఐస్ పలక ఎగిరి వెనక కారు అద్దం మీద పడుతుంది. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో దానికి జరిమానా కూడా ఉంది.

బ్రేకు, యాక్సిలరేటర్, స్టీరింగ్, ఏదైనా మెల్లగా. ముందు కారుకు మామూలుగా మూడు సెకన్ల ఎడం ఉంచుతాం, మంచు మీద ఎనిమిది నుంచి పది సెకన్లు ఉంచండి. ముందు కారు ఒక బోర్డు దాటగానే లెక్క మొదలుపెట్టండి, మీరు ఆ బోర్డు చేరేటప్పటికి పది రావాలి. క్రూజ్ కంట్రోల్ వాడకండి. బ్రిడ్జిలు, ఫ్లైఓవర్లు రోడ్డు కన్నా ముందు గడ్డకడతాయి, కింద నేల వేడి లేదు కనుక. వాటిమీదికి ఎక్కకముందే వేగం తగ్గించండి, మీద ఉండగా బ్రేకు వేయకండి. రోడ్డు తడిగా నల్లగా మెరుస్తోంది, కానీ ముందు కారు టైర్ల నుంచి నీళ్లు చిమ్మడం లేదంటే అది తడి కాదు, బ్లాక్ ఐస్. 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువకు వెళ్లాక మామూలు ఉప్పు కూడా పెద్దగా పనిచేయదు. ఉప్పు చల్లారు కదా అని ధీమా పడకండి.

కారు జారితే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. చూపు మీరు వెళ్లాల్సిన వైపే ఉంచి, స్టీరింగ్ కూడా అటే మెల్లగా తిప్పండి. ఇప్పటి కార్లలో ఏబీఎస్ ఉంటుంది, అంటే బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. వెంటనే ఆపాల్సి వస్తే మాత్రం బ్రేకు గట్టిగా నొక్కి అలాగే ఉంచండి. పెడల్ కాలి కింద కటకటా వణుకుతుంది, అది పనిచేస్తోందన్నమాట. భయపడి కాలు తీసేయకండి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మంచు పడిన రోజు మెల్లగా ఒకసారి అలా నొక్కి చూస్తే ఆ వణుకు అలవాటవుతుంది.

స్నో ప్లౌ (రోడ్డు మీది మంచు తోసే ట్రక్కు) కనపడితే దాని వెనకే వెళ్లండి. దాని వెనక రోడ్డు ముందున్న దానికన్నా ఎప్పుడూ మేలే.

దారిలో ఇరుక్కుపోతే

కారు వదిలి నడవకండి. దూరంగా లైట్లు కనపడుతున్నా, మంచు గాలిలో దూరం అంచనాకు అందదు. కారును వెతకడం సులువు, మనిషిని వెతకడం కష్టం. ఫోన్ చేసి ఎక్కడున్నారో మైలు నంబరుతో సహా చెప్పండి. ఏదైనా రంగు గుడ్డ యాంటెన్నాకో తలుపుకో కట్టండి.

ఇంజన్ ఆన్ చేసే ముందు ప్రతిసారీ దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు చేత్తో తీసేయండి. అది మూసుకుపోతే పొగంతా కారులోకే వస్తుంది. గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజన్, హీటర్ నడపండి, ఆ పది నిమిషాలూ గాలి రాని వైపు కిటికీ కొంచెం దించండి. కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉండండి. ఇద్దరు ముగ్గురుంటే ఒకే దుప్పట్లో దగ్గరగా కూర్చోండి, ఒకరైనా మెలకువగా ఉండండి.

వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబడి స్పర్శ తెలియకపోతే ఫ్రాస్ట్‌బైట్ అన్నమాట. రుద్దకండి, మంచు రాయకండి. చంకలో పెట్టుకోండి, ఇంటికి చేరాక గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. అంతకన్నా ప్రమాదం హైపోథర్మియా, అంటే ఒంట్లో వేడి బాగా పడిపోవడం. మాట ముద్దగా వస్తున్నా, మనిషి అయోమయంగా ఉన్నా, అప్పటిదాకా వణుకుతున్నవాళ్లు వేడి తగలకుండానే వణకడం ఆపేసినా 911కి ఫోన్ చేయాలి. వణుకు ఆగింది కాబట్టి తేరుకున్నారనుకోవద్దు.

వెలిసాక

ఎండ వచ్చింది కదా అని వెంటనే బయల్దేరకండి. పగలు కరిగిన నీళ్లు సాయంత్రం మళ్లీ గడ్డకడతాయి, మర్నాడు పొద్దున స్కూలు వేళకు బ్లాక్ ఐస్ తయారుగా ఉంటుంది. ఆ ఉదయం ఇంటి మెట్ల మీద కూడా రెయిలింగ్ పట్టుకుని దిగండి.

మంచు తీసే పని తేలికగా కనిపిస్తుంది గానీ తడి మంచు చాలా బరువు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, పైగా అలవాటు లేని శ్రమ. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వయసు మీదపడిన నాన్నగారు "నేను చేస్తాలే" అన్నా పార ఇవ్వకండి. మీరైనా పార నిండా ఎత్తకుండా కొద్దికొద్దిగా తోస్తూ, మధ్యలో ఆగుతూ చేయండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, ఊపిరాడకపోవడం ఉంటే ఆపేసి 911కి చేయండి.

గోడ బయట హీటర్ గొట్టాలు మంచులో కూరుకుపోయాయేమో చూసి తీసేయండి. ఇంటి ముందు ఫైర్ హైడ్రెంట్ ఉంటే దాని చుట్టూ కూడా. తెగి పడిన తీగ కనపడితే అందులో కరెంటు ఉందనే అనుకుని దూరంగా ఉండండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల తలుపు ఒకసారి తట్టండి. కారులోంచి తీసి వాడేసిన నీళ్లు, తిండి, బ్యాటరీలు ఆ వారంలోనే మళ్లీ నింపి పెట్టండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక తుఫాను వెనకే ఇంకొకటి రావడం మామూలే.